క్షమాపణ వేరు, వాటా వేరు: అన్నదమ్ముల తగవులో విశ్వాసం చేయగల పని

ప్రశ్న సంక్షిప్తంగా ఇది. నర్సంపేట దగ్గరి ఒక ఊరిలో తండ్రి మూడేళ్ల కిందట మరణించారు. ఆయన స్వయంగా సంపాదించిన 4 ఎకరాల 20 గుంటల భూమి విరాసత్‌లో (వారసుల పేరు మీదికి భూమి మార్చే ప్రక్రియలో) మొత్తంగా పెద్ద కుమారుడి పాసుబుక్కులోకి ఎక్కింది. చిన్న కుమారుడు అందులో సగం కాస్తు చేసుకుంటున్నాడు. తల్లి అతని దగ్గరే ఉంటున్నది. బోరు మోటారు వంతు దగ్గర మొదలైన మాట గెట్టు మీద కర్రలు లేచేదాకా పోయి, రెండు వైపులా పోలీసు కేసులు నమోదయ్యాయి. పెద్దన్న స్థానిక క్రైస్తవ సంఘంలో పెద్ద. హనుమకొండలో ఉపాధ్యాయురాలిగా ఉన్న చెల్లెలు తన వాటా ఊసెత్తినప్పుడు, పాస్టర్ గారు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 6వ అధ్యాయం చదివి వినిపించి, విశ్వాసులు కోర్టుకు పోరాదని, చిన్నవాడు కేసు వెనక్కి తీసుకోవాలని, ఆమె వాటా సంగతి మరచిపోవాలని, ఇద్దరూ అన్నను క్షమించాలని చెప్పారు. తగవు వచ్చినప్పుడు క్రైస్తవ విశ్వాసం చేసే పని ఇంతేనా అని ఆమె అడుగుతున్నారు.

అమ్మా, నేను రెవెన్యూ శాఖలో ముప్పై ఒక్క సంవత్సరాలు పని చేసి విరమించాను. అందులో ఎక్కువ భాగం పరకాల, ములుగు, నర్సంపేట ప్రాంతాల కచేరీలలో (కార్యాలయాల్లో) గడిచింది. ఉద్యోగంలో ఉండగానే మా బాప్టిస్టు సంఘంలో పెద్దగా కూడా ఉన్నాను కాబట్టి, పగలు ఎవరి పహాణీలు (భూమి ఎవరి పేరున, ఎవరి సాగులో ఉన్నదో చెప్పే రికార్డులు) తిరగేశానో సాయంత్రం వారి ఇంట్లోనే ప్రార్థనకు కూర్చోవలసి వచ్చిన రోజులు చాలా ఉన్నాయి. ఆ రెండు పనుల నుంచి నేను నేర్చుకొని గట్టిగా నమ్ముతున్న మాట ఒకటే. తన హక్కును తాను వదులుకొనే స్వేచ్ఛను విశ్వాసం మనిషికి ఇస్తుంది గాని, ఇంకొకరిని వారి హక్కు వదులుకొమ్మని ఆజ్ఞాపించే అధికారాన్ని ఎవరికీ ఇవ్వదు. మీ పాస్టర్ గారు మంచి ఉద్దేశంతోనే చెప్పి ఉండవచ్చు. అయినా ఆయన చెప్పిన వరుస తలకిందులుగా ఉన్నది.

ముందుగా ఆయన చదివిన అధ్యాయాన్నే చూద్దాం. కొరింథు రోమా వలస నగరం. అక్కడి న్యాయస్థానాల్లో పలుకుబడి గలవారిదే పైచేయి, చిన్నవాడు పెద్దవాడి మీద దావా నడపడమే కష్టం. అటువంటి చోటికి సహోదరుణ్ణి ఈడ్చుకు పోతున్నవారిని ఆ పత్రిక రాసిన పౌలు మందలిస్తున్నాడు. అయితే ఆయన ఊరుకొమ్మని చెప్పి వదలలేదు. సహోదరుల మధ్య తగవు తీర్చగల బుద్ధిమంతుడు మీలో ఒక్కడైనా లేడా అని 5వ వచనంలో అడిగాడు. అంటే కోర్టుకు పోవద్దన్న మాటకు ముందే సంఘం మీద ఒక బాధ్యత ఉంచాడు: మీరే కూర్చొని, విచారించి, న్యాయం చెప్పండి అని. ఆ బాధ్యత నెరవేర్చని సంఘానికి మిగతా సగం వచనాన్ని చదివి వినిపించే నైతిక బలం ఉండదు. 7వ వచనంలో అన్యాయం సహించడం మేలు కాదా అని అడిగినది నిజమే, కాని వెంటనే 8వ వచనంలో అన్యాయం చేస్తున్నవారి వైపు తిరిగి, మీరు మీ సహోదరుల సొత్తునే అపహరిస్తున్నారని నిలదీశాడు. మన ప్రసంగాల్లో 7వ వచనం ఎన్నిసార్లు వినపడుతుందో, 8వ వచనం ఎన్నిసార్లు వినపడుతుందో మీరే గుర్తు చేసుకోండి. పైగా ఆ పౌలే ఫిలిప్పీలో తనను విచారణ లేకుండా కొట్టించిన అధికారులు స్వయంగా వచ్చి తనను బయటికి తీసుకొని పోవాలని పట్టుబట్టాడు. యెరూషలేములో కొరడా దెబ్బలకు కట్టివేస్తున్నప్పుడు తన రోమా పౌరసత్వాన్ని గుర్తు చేశాడు. చివరకు కైసరు ఎదుట చెప్పుకొంటానని అప్పీలు చేసుకున్నాడు. చట్టం మొత్తంగా విశ్వాసికి నిషిద్ధమని ఆయన జీవితం చెప్పదు. (సంఘ ఎన్నికల మీదా, సంఘం స్థలాల మీదా మనవాళ్లు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరుగుతూ, ఒక ఆడపిల్ల వాటా అడిగేసరికి మాత్రం ఈ అధ్యాయం తెరవడం నాకు ఎప్పుడూ మింగుడుపడని విషయం.)

వదులుకోవడం అనేదానికి విశ్వాసంలో గొప్ప స్థానం ఉన్నమాట కాదనను. ఆదికాండము 13వ అధ్యాయంలో అబ్రాహాము కాపరులకు, లోతు కాపరులకు మేత దగ్గర కలహం వచ్చింది. అబ్రాహాము పెద్దవాడు, పెంచినవాడు, వాగ్దానం పొందినవాడు. ముందు కోరుకొనే హక్కు అన్ని విధాలా అతనిదే. అయినా, నీవు ఎడమకు పోతే నేను కుడికి పోతాను, నీవు కుడికి పోతే నేను ఎడమకు పోతాను అని ఎంపికను తన సహోదరుని కొడుకైన లోతు చేతికి ఇచ్చాడు. ఇక్కడ వదులుకున్నది బలం ఉన్నవాడు. మన ఊళ్లలో వదులుకొమ్మని చెప్పించుకొనేది ఎప్పుడూ బలం లేనివారే: విధవరాలైన తల్లి, పెండ్లి చేసి పంపిన ఆడబిడ్డ, పేరు మీద పట్టా లేని తమ్ముడు. అబ్రాహాము కథను మీ అన్నగారికి చదివి వినిపిస్తే అది సువార్త. మీకు చదివి వినిపిస్తే తడిగుడ్డతో గొంతు కోయడమే. ఆడపిల్లల వాటా విషయంలో వాక్యం మౌనంగా కూడా లేదు. సంఖ్యాకాండము 27వ అధ్యాయంలో కుమారులు లేని సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు మోషే ఎదుట, యాజకుని ఎదుట, సర్వ సమాజం ఎదుట నిలబడి తండ్రి స్వాస్థ్యంలో భాగం అడిగారు. వారు చెప్పినది న్యాయమని దేవుడే తీర్పు చెప్పాడు. అడిగినందుకు వారిని ఎవరూ ఆశపోతులనలేదు.

ఇక చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే వాటా ఎంతో తెలియకుండా సమాధానం మాట్లాడడం కొలత లేకుండా బట్ట కత్తిరించడం వంటిది. మీ నాన్నగారు క్రైస్తవులుగా, వీలునామా రాయకుండా మరణించి ఉంటే 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. దాని ప్రకారం భార్యకు మూడో వంతు, మిగిలిన రెండు వంతులు కొడుకు కూతురు భేదం లేకుండా పిల్లలందరికీ సమానం. మీ 180 గుంటల్లో అమ్మగారికి 60 గుంటలు, మీ ముగ్గురికీ తలా 40 గుంటలు, అంటే సరిగ్గా ఒక్కొక్క ఎకరం. రికార్డుల ప్రకారం కుటుంబం హిందువులుగానే ఉండి, హిందూ వారసత్వ చట్టం వర్తిస్తే, స్వార్జితం కాబట్టి అమ్మగారితో కలిపి నలుగురికీ సమానంగా 45 గుంటల చొప్పున వస్తుంది. ఏ చట్టం వర్తిస్తుందన్నది బాప్తిస్మపు రిజిస్టరు, వివాహం జరిగిన పద్ధతి, ధ్రువపత్రాలు చూసి న్యాయవాది తేల్చవలసిన విషయం. కాని గమనించండి, ఏ లెక్కలోనూ పెద్దన్నకు మొత్తం రాదు, ఏ లెక్కలోనూ మీకు సున్నా రాదు. చిన్నవాడు దున్నుతున్న సగం కూడా అతని వాటా కంటే ఎక్కువే. ఈ సంగతి అతనికి ముందే చెప్పి సిద్ధం చేయవలసింది మీరు.

ఇక్కడే ఒక ప్రమాదం గురించి హెచ్చరించాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల గుర్తింపు మొదట హిందువులకే పరిమితమై, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది గాని క్రైస్తవులకు రాలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవులైన ఎస్సీలను బీసీ సీ (వెనుకబడిన తరగతుల్లో సీ గ్రూపు) కింద లెక్కిస్తారు. మతం మారినా ఊరి చివరి వాడ మారలేదు, బావి దగ్గరి చూపు మారలేదు, కాగితం మాత్రం మారాలన్నారు. విశ్వాసం క్రైస్తవం, కాగితం మీద హిందూ ఎస్సీ అనే ఆ చిక్కులో బతుకుతున్న కుటుంబాల్లో అన్నదమ్ముల తగవు ముదిరినప్పుడు, నీ సర్టిఫికెట్ సంగతి కలెక్టరాఫీసులో చెబుతానని ఒకరినొకరు బెదిరించుకోవడం నేను నాలుగైదు సార్లు చూశాను. భూమి తగవును పిల్లల చదువు మీదికీ ఉద్యోగాల మీదికీ తోసే ఆయుధం అది. ఒకసారి బయటికి తీస్తే రెండు ఇండ్లూ కాలుతాయి. మీ ఇంట్లో అది ఇంకా రాకపోతే, కూర్చొనే ముందే ఆ మాట ఎవరూ ఎత్తరాదని ఇరువైపులా మాట తీసుకోండి.

మన ప్రాంతపు మాటలో పంచాయితీ అంటే తగవు కూడా, తగవు తీర్చడం కూడా. తెలుగు బైబిలులో శాంతికి వాడిన మాట సమాధానం; బయట అదే మాటకు జవాబు అని అర్థం. ఈ రెండు అర్థాలను విడదీయకూడదని నాకు అనిపిస్తుంది, ఎందుకంటే అడిగిన ప్రశ్నకు జవాబు రాని చోట వచ్చిన సమాధానం నిలబడదు. యిర్మీయా ప్రవక్త తన కాలపు యాజకుల మీద చేసిన ఫిర్యాదు కూడా అదే: సమాధానం లేని సమయంలో సమాధానం, సమాధానం అంటూ జనుల గాయాన్ని పైపైన మాత్రమే బాగు చేస్తున్నారని. సువార్తలో పన్నులు వసూలు చేసే జక్కయ్య ఇంట్లో క్రమం చూడండి. అతడు లేచి నిలబడి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్న తరువాతనే, నేడు ఈ ఇంటికి రక్షణ వచ్చిందని ప్రభువు అన్నాడు. నిజం ఒప్పుకోవడం, తీసుకున్నది తిరిగి ఇవ్వడం, ఆ పైన చేతులు కలపడం అనే ఈ వరుసను మనం తిప్పి, ముందు చేతులు కలిపించి ఫొటో తీసి, భూమి సంగతి తరువాత చూద్దామంటాం. ఆ తరువాత అనేది రాదు.

అయితే క్షమాపణ మొత్తంగా భూమి తేలేదాకా ఆగాలా అంటే, అలా కూడా కాదు. మత్తయి సువార్తలో ఏడు డెబ్బదుల మారులు క్షమించమన్న మాట వాటా వచ్చిన తరువాత అని షరతు పెట్టలేదు. అన్న మీద పగ పెంచుకోకుండా ఉండడం, అతని పిల్లల చెడు కోరకుండా ఉండడం, అతని పేరు ఎత్తగానే నోట్లోంచి శాపం రాకుండా చూసుకోవడం ఈ రోజు నుంచే మీరు చేయగలరు, చేయాలి. దానికి అతని సంతకం అక్కరలేదు. తిరిగి కలిసిపోవడం మాత్రం ఇద్దరి పని. పౌలు కూడా రోమీయులకు రాస్తూ సమస్త మనుష్యులతో సమాధానంగా ఉండుమన్న మాటకు ముందు, శక్యమైతే, మీ చేతనైనంత మట్టుకు అని రెండు మాటలు చేర్చాడు. ఆ రెండు మాటల విలువ తగవులు తీర్చడానికి కూర్చున్నవారికే తెలుస్తుంది.

ఈ తేడా నాకు పుస్తకాల వల్ల తెలియలేదు. 1990లలో మా వైపు ఊళ్లలో గెట్టు తగవులు కచేరీకి కాకుండా అన్నల (నక్సలైట్లను అలా పిలిచేవారు) దగ్గరికి పోయేవి. తీర్పు ఒక్క రాత్రిలో వచ్చేది, అమలు కూడా అప్పుడే అయ్యేది. దళం ఆ దారిన పోవడం మానిన తరువాత అవే ఫైళ్లు, అవే సర్వే నంబర్లు తిరిగి నా బల్ల మీదికి వచ్చేవి, ఎందుకంటే భయంతో ఒప్పుకున్నవాడు లోపల ఒప్పుకోలేదు. ఆ కాలంలోనే మా సంఘంలో ఇద్దరు తండ్రులు ఉండేవారు: ఒకరి కొడుకు కానిస్టేబులుగా పని చేస్తూ మందుపాతరకు చనిపోయాడు, ఇంకొకరి కొడుకు దళంలోకి పోయి ఎదురుకాల్పుల్లో చనిపోయాడని పత్రికలో వచ్చింది. అప్పటి మా పాస్టర్ అయ్యగారు రెండు ఇండ్లకూ పోయేవారు, రెండు ఇండ్లలోనూ కూర్చొనేవారు, ఎవరి ఇంట్లోనూ ప్రసంగం చేయలేదు. ఆ తండ్రులిద్దరూ దాదాపు ఏడాది పాటు గుడిలో చెరొక చివర కూర్చున్నారు. కలవండి అని ఎవరూ తొందరపెట్టలేదు. తరువాత ఒకనాడు కానిస్టేబులు తండ్రికి పింఛను దరఖాస్తు రాయవలసి వచ్చింది. ఆయనకు చదువు రాదు, రెండో ఆయన బడి పంతులుగా చేసి విరమించినవాడు. ఆ దరఖాస్తు ఎవరు రాశారో కచేరీలో దస్తూరి చూసి గుర్తు పట్టినప్పుడు నేను కాసేపు పని చేయలేకపోయాను. అదే కాలంలో ఎస్.ఆర్. శంకరన్ గారి నాయకత్వంలోని పౌర స్పందన వేదిక ప్రభుత్వ హింసనూ, విప్లవ పార్టీ హింసనూ రెండింటినీ ప్రశ్నిస్తూ ఏళ్ల తరబడి ఇరువైపులా మాట్లాడి, 2004 అక్టోబరులో హైదరాబాదులో చర్చలు జరిగేందుకు దారి వేసింది. ఆ చర్చలు నిలవలేదు, అది క్రైస్తవ సంస్థా కాదు; అయినా మధ్యవర్తి ఇరువైపులా చేదు నిజాలు చెప్పగలిగి ఉండాలన్నది నేను వారిని చూసి నేర్చుకున్నాను.

మన క్రైస్తవ చరిత్రలోనే అందుకు ఉదాహరణ కావాలంటే డోర్నకల్ దాకా పోతే చాలు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పుగా డోర్నకల్‌కు వచ్చిన వి.ఎస్. అజరయ్య గారు, దానికి రెండేళ్ల ముందు 1910లో ఎడిన్‌బరో మహాసభలో విదేశీ మిషనరీల ఎదుటనే నిలబడి, మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు స్నేహితులను కూడా ఇవ్వండి అన్నారు. పిలిచిన ఇంట్లో ఆ మాట అనడం తేలిక కాదు. సభలో కొందరికి కోపం వచ్చింది. అయినా ఆయన అలిగి వేరు కుంపటి పెట్టలేదు. 1919 మే నెలలో తరంగంబాడిలో వేర్వేరు సంఘాల నాయకులను కూర్చోబెట్టి ఐక్యత మాట మొదలుపెట్టి, 1945 జనవరి 1న మరణించేదాకా దానికోసం పని చేశారు. దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినది 1947 సెప్టెంబరు 27న. ఆ రోజును ఆయన చూడలేదు. మొదట నిజం చెప్పారు, తరువాత ఓపిక పట్టారు. మీ ఇంటి తగవుకు ఇరవై ఎనిమిది ఏళ్లు అక్కరలేదనుకోండి.

ఇప్పుడు మీరు చేయవలసిన పని. మత్తయి 18వ అధ్యాయం చెప్పిన మొదటి మెట్టు ఒంటరిగా పోయి మాట్లాడడం. మీరు అన్నగారితో ఫోనులో కాకుండా ఎదురుగా, వదినా పిల్లలూ లేని సమయంలో, ఒక్కసారి మాట్లాడి చూడండి. పోయే ముందు తహసీల్దారు కార్యాలయం నుంచి విరాసత్ ఆర్డరు నకలు, పాత పహాణీలు, టీపన్ (సర్వే కొలతల పటం) నకలు తీసి ఉంచుకోండి. వాటిని మొదటి రోజే బల్ల మీద పరచకండి. చిన్నవాడి విషయంలో మాత్రం మీకు ఇంకా కష్టమైన పని ఉన్నది. మన వైపు కేసు పెట్టేటప్పుడు కొట్టినవాడి పేరుతో పాటు అతని భార్య, కొడుకు, బావమరిది పేర్లు కూడా రాయించడం అలవాటు. చిన్నవాడి ఫిర్యాదులో అక్కడ లేనివారి పేర్లు ఉంటే, అన్న ఏం చేసినా చేయకపోయినా, ఆ పేర్లు తప్పని అతడే విచారణాధికారికి చెప్పాలి. నీ పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యం పలుకకూడదన్న ఆజ్ఞకు మన తరఫువాడన్న మినహాయింపు లేదు. నిజంగా తగిలిన దెబ్బల సంగతి వేరు. దాన్ని వెనక్కి తీసుకొమ్మని ఒత్తిడి చేసే హక్కు సంఘానికి లేదు. చిన్న గాయాల కేసులు తరువాత రాజీ చేసుకోవడానికి చట్టమే దారి ఉంచింది కాబట్టి, భూమి తేలిన రోజున రెండు కేసులూ కలిపి ఆలోచించవచ్చు.

అన్నగారు వినకపోతే రెండో మెట్టు ఇద్దరు ముగ్గురు సాక్షులు. ఇక్కడ ఎంపికే సగం పని. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు వడ్డనలో అన్యాయం జరుగుతున్నదని సణుగుడు పుట్టినప్పుడు ఎన్నుకున్న ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. ఫిర్యాదు చేసిన వైపు వారికే పెత్తనం అప్పగించారన్న మాట. ఆ లెక్కన మీ తగవులో కూర్చొనేవారిలో ఒక స్త్రీ తప్పకుండా ఉండాలి, ఒకరు ఊరి బయటివారై ఉండాలి, ఒకరికి భూమి రికార్డులు చదవడం రావాలి. మీ అన్నగారు పెద్దగా ఉన్న కమిటీ ఈ విచారణ చేయరాదు. తేలేదాకా ఆయన ఆ బాధ్యత నుంచి పక్కకు ఉండమని పాస్టర్ గారిని గౌరవంగా అడగండి. పెద్దల మీద ఫిర్యాదును ఇద్దరు ముగ్గురు సాక్షులతో విచారించాలని, పక్షపాతం చూపరాదని తిమోతికి రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయంలోనే ఉన్నది.

కూర్చొనే చోటు గుడి కాకూడదు, ఎవరి ఇల్లూ కాకూడదు. బడి గది మేలు. ప్రార్థనతో మొదలుపెట్టండి గాని అది రెండు నిమిషాలు మించకూడదు, తగవులో ఉన్నవారెవరూ చేయకూడదు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. ప్రభువా, తమ్ముని సొమ్ము తిన్నవారి మనసు మార్చు తండ్రీ అని కళ్లు మూసుకొని తిట్టినవారిని నేను చూశాను. ఆమెన్ అనేసరికి అవతలివాడు చెప్పులు వేసుకుంటున్నాడు. మా ఊళ్లలో ఇరువైపులా డబ్బు డిపాజిట్ పెట్టించి పంచాయితీ చేసే పద్ధతి ఉన్నది. సంఘం చేసే విచారణలో అది వద్దు, ఎందుకంటే పేదవాడి డిపాజిట్టు అప్పు, ఉన్నవాడి డిపాజిట్టు జేబు ఖర్చు. ముందుగా అమ్మగారిని మాట్లాడనివ్వండి. భూమి ఎవరికి ఎంత అని కాక, మీ నాన్నగారు ఆ భూమి గురించి బతికుండగా ఏమనేవారో చెప్పమనండి. ఆమె వాటా అందరికంటే పెద్దదై ఉండవచ్చునన్న సంగతి ఆ గదిలో చాలామందికి అప్పుడే మొదటిసారి తెలుస్తుంది.

బోరు సంగతి భూమి కంటే ముందు తేల్చండి. కలహం నిజంగా పుట్టింది అక్కడే. ఆదికాండము 26వ అధ్యాయంలో ఇస్సాకు మనుషులు బావి తవ్వితే గెరారు కాపరులు నీళ్లు మావే అన్నారు; దానికి జగడం అన్న అర్థంతో ఏశెకు అని పేరు పెట్టి వదిలాడు. రెండో బావి దగ్గరా గొడవ వచ్చింది, దానికి శిత్నా అని పేరు పెట్టాడు. మూడో దాని కోసం ఎవరూ జగడమాడలేదు, దాన్ని రహెబోతు అన్నాడు, విశాలమైన చోటు అని. ఇస్సాకుకు ముందుకు జరగడానికి నేల ఉన్నది. నాలుగున్నర ఎకరాల్లో మూడు బోర్లు వేస్తే మూడూ ఎండుతాయి. కాబట్టి ఉన్న ఒక్క మోటారుకు వంతులు రాసుకోవడమే మనకు రహెబోతు. పగటి కరెంటు వంతు వారం వారం మార్చుకోవాలి, స్టార్టరు డబ్బాకు రెండు తాళపు చెవులు ఉండాలి, మోటారు కాలితే ఖర్చు కాస్తు లెక్కన పంచుకోవాలి. ఒక కుటుంబంలో ఇంతవరకే కుదిర్చి, భూమి మాట మరుసటి పంటకు వాయిదా వేశాం. ఆ ఆరు నెలల్లో వంతు తప్పలేదు కాబట్టి రెండోసారి కూర్చున్నప్పుడు ఎవరూ గొంతు పెంచలేదు.

పాస్టర్ గారితో మాట్లాడేటప్పుడు ఒక వచనం మాత్రం తప్పక ముందుంచండి. బలిపీఠం దగ్గర అర్పణ విడిచిపెట్టి పోయి సమాధానపడమన్న మాటను మనం సాధారణంగా కోపంగా ఉన్నవారికి చెబుతాం. మత్తయి 5వ అధ్యాయం 23వ వచనంలో ఉన్నది వేరు: నీ మీద నీ సహోదరునికి విరోధం ఉన్నదని నీకు జ్ఞాపకం వస్తే అని. అంటే లేచి పోవలసింది నొచ్చుకున్నవాడు కాదు, నొప్పించినవాడు. ప్రభువు బల్ల దగ్గర మీ అన్నగారు రొట్టె పంచుతుండగా మీరూ చిన్నవాడూ చేయి చాచవలసి వస్తున్న స్థితిలో, ముందుగా ఆ పళ్లెం కింద పెట్టి రావలసినది ఎవరో పాస్టర్ గారినే చెప్పమనండి. ఆయన మీద కోపంతో కాక, సందేహం అడిగినట్లే అడగండి. చాలామంది సేవకులు ఈ కోణంలో ఆ వచనం ఎప్పుడూ చదివి ఉండరు.

వీటన్నిటికీ అన్నగారు ఒప్పుకోకపోతే కోర్టుకు పోవడానికి వెనుకాడకండి. సంఘం చేయవలసిన విచారణ జరిగిన తరువాత, లేదా చేయడానికి సంఘం నిరాకరించిన తరువాత, భాగ పంపిణీ దావా వేయడం వాక్యాన్ని మీరడం కాదు. దావా వేసిన తరువాత కూడా లోక్ అదాలత్‌కు పంపమని కోరవచ్చు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం అక్కడ కుదిరిన అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు, కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. ఒకవేళ ఇంట్లోనే కుదిరితే ఆ ఒప్పందాన్ని తెల్ల కాగితం మీద పెద్దమనుషుల సంతకాలతో వదిలేయకండి. సాదాబైనామాలు (రిజిస్ట్రేషన్ లేకుండా తెల్ల కాగితం మీద రాసుకున్న భూమి ఒప్పందాలు) ఈ జిల్లాలో ఎన్ని కాపురాలు కూల్చాయో నా ఉద్యోగమంతా చూశాను. సర్వేయరుతో గెట్లు కొలిపించి, రాళ్లు పాతించి, భాగ పంపిణీ పత్రాన్ని తహసీల్దారు దగ్గర రిజిస్టరు చేయించి, నలుగురి పేర్ల మీదా వేర్వేరుగా పాసుబుక్కులు తీసుకోండి. తరువాత మీరు మీ వాటాను చిన్నవాడికో అమ్మగారికో ఇవ్వాలనుకుంటే, అప్పుడు అది నిజంగా మీరు ఇచ్చినది అవుతుంది.

అన్నిటికంటే ముందు ఈ వారంలోనే విరాసత్ ఆర్డరు మీద తేదీ చూడండి. 2020లో వచ్చిన భూ రికార్డుల పోర్టల్ ధరణిలో లేని అప్పీలు వ్యవస్థ 2025 నాటి భూభారతి చట్టంతో తిరిగి వచ్చింది. అటువంటి వాటికి గడువులు ఉంటాయి కాబట్టి, సంఘంలో మాటలు జరుగుతున్నంతకాలం ఆ గడువు దాటిపోకుండా ఒక న్యాయవాదికి కాగితాలు చూపించి ఉంచండి. ఆ సంగతి అన్నగారికి కూడా దాచకుండా ముందే చెప్పండి.